ఇంట్లోవాళ్ళ చేతికి ఇస్తానా?

పోయినవారం వాసంతిని ఒక పిస్టల్ ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ చోట వదిలేసి వచ్చాం. ఆ నోరు మూసుకోవడానికి ఆమెకి అట్టే సేపు పట్టలేదు. కామారెడ్డి పిల్ల, దేశం దాటి వచ్చి మూడేళ్ళుగా రెజైనా ఊరి చలిని తట్టుకున్న పిల్ల. అరచేతిలో పట్టే ఇనుప ముక్క ఒకటి మాట తప్పితే బెదిరిపోయే రకం కాదు.

ఆ ఇనుప ముక్క చేసిన నిర్వాకం ఏమిటో ఇంకోసారి చెబుతాను. శుక్రవారం సాయంత్రం షాపు వెనక గదిలో వాసంతి కొత్త పెట్టెలోంచి ఒక పిస్టల్ తీసింది. ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుంది. తూటాని కొట్టే హ్యామర్‌ని వెనక్కి లాగి, పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసి, ట్రిగ్గర్ నొక్కింది. ఏమీ కాలేదు, కాకూడదు కూడా. ట్రిగ్గర్ మీంచి వేలు తీసేసి, అప్పుడు సేఫ్టీ తీసింది. ఎవరూ ఏమీ నొక్కకుండానే హ్యామర్ టక్కున పడింది. లోపల తూటా ఉండి ఉంటే పేలేది.

షాపు కోదండరామ్‌ది. అనంతపురం నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఊరి చివర వేట సామాన్లూ, చేపల గాలాలూ అమ్మే ఈ షాపుని పాత యజమాని రిటైరవుతుంటే కొనుక్కున్నాడు. ఈ కథ జరిగిన ఏడాది, అంటే 2022 వేసవి మొదట్లో, చేతి తుపాకుల అమ్మకాలు ఆపేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. దాంతో లైసెన్సున్న ప్రతి మనిషీ ఇదే ఆఖరి అవకాశమని షాపుల మీద పడ్డాడు. పేరున్న కంపెనీల సరుకు వారంలో ఖాళీ అయింది. అప్పుడు కోదండరామ్ ఒక చవక రకం పిస్టల్ శాంపిల్ తెప్పించి విశ్వేశ్వరరావు గారి చేతిలో పెట్టాడు. ఆయన సరే అన్నాక ఇరవై తెప్పించాడు.

విశ్వేశ్వరరావు గారు ఉక్కు గొట్టాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మెటలర్జిస్టు. తెనాలి మనిషి. ముప్ఫై ఏళ్ళుగా పిస్టల్ క్లబ్‌లో మెంబరు. ఏ కొత్త పిస్టల్ వచ్చినా ఆయన దాన్ని పరీక్షించి ఒక కాగితం రాస్తారు, అది క్లబ్ గోడకి ఎక్కుతుంది. గురి ఎలా ఉంది, ఎన్ని తూటాలకి ఇరుక్కుంది, మేగజీన్ సాఫీగా దిగుతోందా, ఇలా పది వరసలుంటాయి. అవి ఎవరూ చదవరు. అందరూ చదివేది ఆఖరి వరస. 'ఇంట్లోవాళ్ళ చేతికి ఇస్తానా?' ఈ ప్రశ్న ఆయన సొంతం. ఖరీదైన పిస్టల్స్‌కి కూడా దాని పక్కన 'ఇవ్వను' అని రాసిన సందర్భాలున్నాయి, అందుకే ఆ మాటకి అంత విలువ. ఈ చవక పిస్టల్‌కి ఆయన రాసింది: ఆరు వందల తూటాలు, ఒక్కసారీ ఇరుక్కోలేదు. ఇస్తాను.

ఇక వాసంతి సంగతి. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ అయింది. లైసెన్సు కోర్సు పాసై, షాపులో వచ్చిన ప్రతి తుపాకినీ విప్పి, చూసి, లాగ్‌బుక్‌లో రాసే పార్ట్‌టైమ్ పని చేస్తోంది. వచ్చే నెలాఖరుతో వర్క్ పర్మిట్ అయిపోతుంది. ఈ దేశంలోనే స్థిరపడేందుకు PRకి అప్లై చేయాలంటే కోదండరామ్ సంతకంతో ఫుల్‌టైమ్ జాబ్ ఆఫర్ లెటర్ కావాలి. ఆ లెటర్ టైపై, ప్రింటై, కోదండరామ్ సొరుగులో ఉంది. సోమవారం సంతకం పెడతానన్నాడు.

శనివారం పొద్దున తొమ్మిదిన్నర. షాపు తెరవడానికి ఇంకా అరగంట ఉంది, బయట అప్పుడే ఏడెనిమిది మంది కాఫీ కప్పులతో లైను కట్టి ఉన్నారు. వెనక గదిలో బల్ల మీద శాంపిల్ పిస్టల్, దాని పక్కన వరసగా ఆరు కొత్త పెట్టెలు. ఆరింట్లోనూ ఏముందో వాసంతికి తెలుసు. పొద్దున ఏడింటికే వచ్చి అన్నీ చూసింది.

ఫోను మోగింది. స్వీటీ మెసేజ్. వాసంతి రూమ్మేట్, గుంటూరు అమ్మాయి, కాలేజీలో చేరి ఇంకా ఏడాది కాలేదు. తుపాకి చప్పుడు తగలకుండా చెవులకి పెద్ద పెద్ద మఫ్స్ పెట్టుకుని సెల్ఫీ పంపింది. 'ఆంటీ క్లాస్‌కి వచ్చేశా అక్కా. కొత్తవాళ్ళ బ్యాచ్. విష్ మీ లక్!' ఆంటీ అంటే సూర్యకుమారి గారు, విశ్వేశ్వరరావు గారి భార్య. అరవై ఆరేళ్ళావిడ, క్లబ్‌లో శనివారం క్లాసులు చెబుతారు. క్లబ్ ఎక్కడో కాదు, షాపు పార్కింగ్ లాటుకి అవతల. వాసంతి ఒక నవ్వు బొమ్మ పంపి ఫోను పక్కన పెట్టేసింది.

విశ్వేశ్వరరావు గారు వెనక తలుపు నుంచి వచ్చారు. డెబ్బై ఒక్క ఏళ్ళు, నిటారు మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట లోహపు అంచులు రాకే చిన్న ఆకురాయి ఉంటుంది. వెనకాలే కోదండరామ్ తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చాడు.

"ఏవిటమ్మా ఇంత అర్జెంటు? అటు ఆవిడ క్లాసుకి హడావిడి, ఇటు నీ ఫోను."

"ఈ పిస్టల్‌ల సేఫ్టీ సరిగ్గ లేదు అంకుల్. క్లబ్ గోడ మీద మీ షీట్ తీసెయ్యాలె."

ఇంత సూటిగా అంటుందని ఆయన అనుకోలేదు. కోదండరామ్ తాళాలు ఊపడం ఆపేశాడు.

"ఆరు వందల తూటాలు కాల్చానమ్మా దాంతో," అన్నారు ఆయన, చిన్నపిల్లకి ఎక్కాలు చెబుతున్నంత ఓపికగా. "నువ్వు ఇప్పటిదాకా మొత్తం ఎన్ని కాల్చి ఉంటావ్?"

"నూట ఎనభై. లాగ్‌బుక్‌ల ఉన్నయి."

"మరి?"

"మరి ఏం లేదు అంకుల్. మీరే చూడుండ్రి."

శాంపిల్ తీసింది. ఖాళీ అని ముగ్గురికీ చూపించింది. హ్యామర్ లాగింది, సేఫ్టీ వేసింది, ట్రిగ్గర్ నొక్కింది, వదిలింది, సేఫ్టీ తీసింది. హ్యామర్ కదల్లేదు. విశ్వేశ్వరరావు గారు కోదండరామ్ వైపు చూసి నవ్వారు. వాసంతి మొదటి పెట్టెలోది తీసి అదే వరసలో అదే పని చేసింది. సేఫ్టీ తీయగానే టక్. రెండోది పడలేదు. మూడోది టక్. నాలుగోది టక్. ఐదోది పడలేదు. ఆరోదాన్ని పెట్టెలోంచి తీయకుండానే ఆయన ముందుకి జరిపింది. ఆయన తన చేత్తోనే చేశారు. టక్.

బయట లైనులో ఎవరో పెద్దగా నవ్వారు. లోపల ఎవరికీ నవ్వు రాలేదు.

"సేఫ్టీ వేసి ట్రిగ్గర్ ఎవడు నొక్కుతాడమ్మా?" అన్నారాయన. "ముప్ఫై ఏళ్ళలో నేను ఒక్కసారి నొక్కలేదు."

"మీరు నొక్కరు. నేను నొక్కిన." వాసంతి గొంతు పెంచలేదు. "నా ఫస్ట్ క్లాస్‌ల సేఫ్టీ ఉన్నదని మర్చిపోయి నొక్కిన. పేలలేదు. ఇదేందని పిస్టల్ పట్టుకునే ఆంటీ దిక్కు తిరిగిన. ఆంటీ నా చెయ్యి పట్టి మళ్ళ ముందుకు తిప్పి తిట్టిన తిట్లు ఇంక యాదికున్నయి. కొత్తోళ్ళందరు గదే చేస్తరు. నొక్కుతరు, పేలదు, అప్పుడు సేఫ్టీ గుర్తుకొస్తది, తీస్తరు. ఇదేమో తీసినప్పుడు పేలుతది. అప్పుడది ఎటు చూస్తున్నదో ఎవరికెరుక?"

"సార్ చూసింది బాగానే ఉండాది కదా," అన్నాడు కోదండరామ్. "దానికీ వీటికీ తేడా ఎందుకొచ్చిండాది?"

"అదే రాత్రంత ఆలోచించిన సార్."

శాంపిల్‌నీ కొత్తవాటిలో ఒకదాన్నీ విప్పి, సేఫ్టీలోని రెండు చిన్న లోహపు ముక్కలు తెల్ల గుడ్డ మీద పెట్టింది. ఒకటి శాంపిల్‌లోది, ఒకటి కొత్తదాన్లోది. అచ్చులో పోసిన ముక్కలు, కొన్నిటికి అంచు సరిగ్గా వస్తుంది, కొన్నిటికి రాదు. కొత్తదాని అంచున సన్నటి మొన మిగిలిపోయి ఉంది, గోటికి తగిలేంత. ఆ మొన అడ్డం పడి సేఫ్టీ పూర్తిగా లోపలికి కూర్చోవడం లేదు; ట్రిగ్గర్ నొక్కగానే హ్యామర్ పట్టు జారిపోయి, సేఫ్టీ తీసేదాకా దాని మీదే ఆగి ఉంటోంది. శాంపిల్‌లో మొన లేదు. అక్కడ అంచు నున్నగా ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ నునుపు మీద ఏటవాలు గీతలు కనిపిస్తాయి.

"గీతలు ఏ దిక్కు వాలినయో చూడుండ్రి అంకుల్."

ఆయన వంగి చూశారు.

"ఈ గది తలుపు గొళ్ళెం రాసుకుంటున్నదని పోయినేడు మీరే సాపు చేసిండ్రు. దాని మీద కూడ ఇట్లనే ఉన్నయి. నా స్టేప్లర్ మీద కూడ. కుడిచేత్తో రాకితే ఇట్ల పడవు."

విశ్వేశ్వరరావు గారిది ఎడమచేతి వాటం. ఆ ఎడమచెయ్యి తనకి తెలియకుండానే జేబులో ఆకురాయి మీదికి వెళ్ళింది.

ఈ మనిషి గురించి మీకొకటి చెప్పాలి. ఆయన ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు ఆయన చేతి కింద పడాలి. కుక్కర్ పిడి, టిఫిన్ డబ్బా అంచు, మనవరాలి సైకిలు బెల్లు, ఏదైనా సరే వేలితో తడిమి, గరుకు తగిలితే అక్కడికక్కడే రాకేస్తారు. పెళ్ళిలో తాళి కట్టేముందు పుస్తెల అంచులు కూడా తడిమి చూశారని సూర్యకుమారి గారు నలభై ఏళ్ళుగా వచ్చిన ప్రతి అతిథికీ చెబుతూనే ఉన్నారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది.

"అది రిపేరు కాదమ్మా," అన్నారాయన. "కొత్త పిస్టల్ వస్తే విప్పి శుభ్రం చేస్తాం. చేస్తుంటే వేలికి తగిలింది. తీసేశాను. ఎవరైనా తీసేస్తారు."

"ఎవరన్న తియ్యరు అంకుల్. మీరు తీస్తరు."

"రెండు నిమిషాల పని! షీటులో రాసేపాటిది కాదు."

"గందుకే రాయలేదు. రాయలేదు కాబట్టి మాకు తెల్వలేదు." ఆ మాట అనడం ఆమెకి తేలిక కాలేదు. ఆయనంటే ఆమెకి ప్రాణం. రెజైనాలో దిగిన మొదటి చలికాలం కోటు కొనిచ్చింది ఆయనే, ఈ షాపులో పని ఇప్పించింది ఆయనే. "మీరు ఆరు వందలు కాల్చింది కంపెనీ పిస్టల్‌తోని కాదు అంకుల్. మీ పిస్టల్‌తోని. అసొంటిది ఒక్కటే ఉన్నది. వీళ్ళు కొనేది వేరే."

విశ్వేశ్వరరావు గారు స్టూలు మీద కూర్చున్నారు. కూర్చుని, రెండు ముక్కల్నీ ఒకదాని పక్కన ఒకటి చేర్చి చాలాసేపు చూశారు. తప్పు ఒప్పుకోవడం అలవాటు లేని మనిషికి అది ఎలా మొదలుపెట్టాలో తెలియదు. ఆయన్ని చూస్తే నాకే జాలేసింది.

కోదండరామ్ ముందుగా తేరుకున్నాడు. వ్యాపారం చేసేవాడికి అది తప్పదు.

"సరే. రోగం తెలిసిపాయె కదా, మందు కూడా తెలిసినట్లే. సార్, అన్నిటికీ అట్లే రాకేస్తే? రెండు దినాల పని."

"ఒక్కరోజు చాలు," అన్నారు విశ్వేశ్వరరావు గారు వెంటనే. ఆ మొహంలోకి మళ్ళీ రక్తం వచ్చింది.

"ఎంత తియ్యాలె అంకుల్?" అంది వాసంతి.

"ఎంతేవిటి?"

"శాంపిల్‌ల ఎంత తీసిండ్రో కొలిచిండ్రా?"

"అది చేతికి తెలుస్తుందమ్మా."

"చేతికి తెల్సింది నేను లాగ్‌బుక్‌ల ఎట్ల రాయాలె? ఒకదాంట్ల కొంచెం ఎక్కువ పోతే సేఫ్టీ వదులైతది. ఈరోజు టెస్ట్ పాసైతది, ఆర్నెల్లకు అరుగుతది. అప్పటికి చట్టం వచ్చేస్తది. మార్చుకుందామంటే కొత్తది అమ్మరు. ఏది చేతుల ఉంటే గదే వాళ్ళకు జన్మంత. సేఫ్టీ ముక్క మనం రాకి అమ్మొద్దు సార్. ఇవి పంపినోళ్ళకే పోవాలె, వాళ్ళే కొత్త ముక్కలు వేసి పంపాలె."

"వాళ్ళు తిరిగి పంపేలోపల చట్టం వచ్చేస్తాది పాపా!" కోదండరామ్ గొంతు మొదటిసారి పెరిగింది. "ఈ సీజన్ పోయినట్లే. నేను బెదిరిస్తాన్నానని అనుకోవద్దు, ఉన్నమాట చెప్తాండా." సొరుగు లాగి, లెటర్ తీసి బల్ల మీద పెట్టాడు. కింద సంతకం చేయాల్సిన గీత ఖాళీగా ఉంది. "ఈ ఇరవై పోకుంటే చలికాలానికి ఈ షాపు ఉంటాదో లేదో నాకే తెలీదు. షాపే లేకుంటే నీకు ఫుల్‌టైమ్ ఉద్యోగమని నేను ఏ మొగంతో రాసిచ్చేది? గవర్నమెంటోళ్ళు ఫోన్ చేసి అడుగుతారు కదా?"

వాసంతికి భయమేసింది. దాచడమెందుకు, బాగా భయమేసింది. ఆ గీత మీద సంతకం లేకపోతే సెప్టెంబరులో సూట్‌కేసు సర్దుకోవడమే. మూడేళ్ళ చదువు, తెల్లవారుజామున కాఫీ షాపు షిఫ్టులు, మంచులో బస్సుల కోసం నిలబడ్డ పొద్దులు అన్నీ ఆ ఒక్క గీత మీదే ఉన్నాయి. కాగితాన్ని ఒక్క క్షణం చూసింది.

"సార్, దాంట్ల నా పోస్టు పేరు ఏమని రాసిండ్రు?"

కోదండరామ్‌కి చూడక్కర్లేదు. "క్వాలిటీ టెక్నీషియన్."

"మరి గదే చేస్తున్న."

గోడకి వేలాడుతున్న ఎర్ర ట్యాగుల కట్ట తీసుకుంది. అమ్మకూడని సరుకుకి కట్టే ట్యాగులవి. బల్ల మీది ఆరింటికీ ముడేసింది. తరవాత బీరువా తెరిచి మిగతా పెట్టెలు ఒక్కొక్కటే దించి కట్టడం మొదలుపెట్టింది. కోదండరామ్ ఆపలేదు. ఆపాలని ఒక అడుగు వేశాడు, కానీ స్టూలు మీది ముసలాయన చెయ్యెత్తారు.

"కట్టనివ్వు కోదండరామ్," అన్నారు మెల్లగా. "అమ్మాయి చెప్పింది నిజం. నా షీటు నేనే చింపేస్తాను. ముప్ఫై ఏళ్ళలో మొదటిది. పోనీలే, ఒకటి ఉండాలిగా."

ఆ మాటకి వాసంతి కళ్ళు చెమర్చాయి. తల తిప్పకుండా ముడులు వేస్తూ పోయింది. ఆఖరి పెట్టె చేతిలోకి తీసుకోగానే ఆగిపోయింది. తేలిగ్గా ఉంది. మూత తీసింది. పిస్టల్ ఆకారంలో గుంట ఉన్న స్పాంజి ఒక్కటే ఉంది.

"సార్, ఇదేది?"

కోదండరామ్ విశ్వేశ్వరరావు గారి వైపు చూశాడు. ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు.

"పొద్దున్న... ఎనిమిదింటికి, నువ్వు కాఫీకి బయటికెళ్ళినప్పుడు వచ్చాను. ఆవిడ క్లాసుకి ఈ పిస్టల్ కావాలంది, కొత్తవాళ్ళకి తేలిగ్గా ఉంటుందని. శాంపిల్ నీ బల్ల మీద విప్పి ఉంది. ఇతను కొత్తది తీసి, క్లబ్ పేర రాసి ఇచ్చాడు."

"విప్పిండ్రా అంకుల్? సాపు చేసిండ్రా?" వాసంతి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఎప్పటిలెక్క చేసే ఉంటరు కదా?"

ఆయన జేబులోని ఆకురాయిని చూసుకున్నారు.

"లేదమ్మా. ఆవిడ తొందరపెట్టింది. అలాగే చేతికి ఇచ్చేశాను."

జీవితంలో మొదటిసారి ఆయన ఒక కొత్త వస్తువుని తడమకుండా ఇచ్చారు. గోడ గడియారం పదికి పది నిమిషాలు చూపిస్తోంది. క్లాసు తొమ్మిదిన్నరకి మొదలవుతుంది, మొదటి పావుగంట పాఠం, తరవాత తూటాలిస్తారు. కోదండరామ్ క్లబ్ నంబరుకి ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. లోపలికి వెళ్ళేవాళ్ళు ఫోన్లు లాకర్లో పెట్టి వెళ్ళాలి, ఆ రూలు పెట్టింది కూడా సూర్యకుమారి గారే.

వాసంతి పరిగెత్తింది. లైనులో నిలబడ్డవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. పార్కింగ్ లాటు ఎండలో వేడెక్కి ఉంది. వెనక ముసలాయన బూట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఆమె అనుకున్నదానికంటే దగ్గరగా.

క్లబ్ రేంజికి రెండు తలుపులు. చప్పుడు బయటికి పోకుండా కట్టిన ఏర్పాటు. బయటి తలుపు పూర్తిగా మూసుకుంటే గానీ లోపలిది తెరుచుకోదు. పైన ఎర్ర దీపం వెలుగుతోంది, అంటే లోపల కాలుస్తున్నారు. ఇద్దరూ మొదటి తలుపులోంచి దూరారు. బరువైన ఆ తలుపు తన ఇష్టం వచ్చినట్టు, తాపీగా మూసుకోవడం మొదలుపెట్టింది. వాసంతి భుజం పెట్టి తోసింది. అది తొందరపడలేదు.

మందపాటి అద్దంలోంచి లోపల అంతా కనిపిస్తోంది. సూర్యకుమారి గారు మూడో వరసలో ఎవరికో మోచెయ్యి సరిచేస్తున్నారు, ఇటు వీపు పెట్టి. రెండో వరసలో స్వీటీ, పెద్ద మఫ్స్‌తో, రెండు చేతులతో ఆ కొత్త పిస్టల్ పట్టుకుని గురిచూసి ట్రిగ్గర్ నొక్కింది. పేలలేదు. ఇంకోసారి నొక్కింది. పేలలేదు. చేతిలోని పిస్టల్ వైపు అయోమయంగా చూసి, ఆంటీని పిలుస్తూ పక్కకి తిరిగింది. చేతులు కూడా ఆమెతో పాటే తిరిగాయి.

"సీజ్ ఫైర్! కాల్చొద్దు!" అని అరిచారు విశ్వేశ్వరరావు గారు. అద్దాన్ని రెండు పిడికిళ్ళతో బాదారు. "సూర్యా! సూర్యా!"

లోపల ఒక్కళ్ళ తల కూడా ఇటు తిరగలేదు. అద్దం పక్కన బోర్డుకి, ఆయన కళ్ళ ఎత్తున, ఆయన షీటే గుచ్చి ఉంది. ఇంట్లోవాళ్ళ చేతికి ఇస్తానా? పక్కనే ఆయన గుండ్రటి అక్షరాల్లో, ఒక్క కొట్టివేత లేకుండా, ఇస్తాను.

స్వీటీ పిలుపుకి సూర్యకుమారి గారు వెనక్కి తిరిగారు. స్వీటీ మొహంలో ఏదో గుర్తొచ్చిన వెలుగు కనిపించింది. నాలుక కరుచుకుని నవ్వింది. ఆమె బొటనవేలు సేఫ్టీ మీదికి వెళ్ళింది.

లోపలి తలుపు ఇంకా తెరుచుకోలేదు.